కుక్కకు ఉన్నట్టుండి భయమెందుకు పట్టుకుంటుంది?

ఇంట్లో నాలుగైదేళ్ళుగా పెరుగుతున్న కుక్క. రాత్రి ఆకు కదిలినా మొరుగుతుంది. కొత్తవాళ్ళను వాకిట్లో అడుగు పెట్టనివ్వదు. అలాంటి కుక్క ఒకరోజు నుంచి మంచం కిందికి దూరి, పిలిచినా ఇవతలికి రాకపోతే ఇంట్లోవాళ్ళు ఏమంటారు? ఒకరు “దయ్యాన్ని చూసి జడుసుకుంది” అంటారు. ఒకరు “ముసలిదైంది, ఇక పనికిరాదు” అంటారు. ఇంకొకరు “పిచ్చి పట్టింది, దూరంగా తీసుకుపోయి వదిలేయండి” అంటారు.

ఈ మూడు మాటల్లో ఏదీ పరిశీలించి చెప్పింది కాదు. కాని ఆ కుక్క బతుకు ఆ మాటల మీదనే ఆధారపడి ఉంటుంది. భయపడిన కుక్కను పిచ్చిదని కొట్టి చంపడం ఒక తప్పు. నిజంగా రేబిస్ సోకిన కుక్కను “పాపం, జడుసుకుంది” అని దగ్గరికి తీసుకోవడం ఇంకొక తప్పు. ఈ రెండో తప్పువల్ల మన ప్రాణమే పోవచ్చు. రెండూ జరగకుండా ఉండాలంటే ఏం చేయాలి? సైన్సు తరగతిలో మీరు నేర్చుకునే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. గమనించాలి, రాసుకోవాలి, కారణం ఊహించాలి, ఆ ఊహను పరీక్షించాలి.

ఉదాహరణకు బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య ఒక ఊరిని ఊహించుకోండి. ఆ ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ కుక్క పేరు టామీ. వయసు 5 ఏళ్ళు. వారం రోజులుగా టామీ నడి ఇంట్లోకి రావడం మానేసింది. సాయంత్రమైతే వణుకుతూ గడ్డివాము చాటుకు పోతోంది. ఈ టామీ సంగతి ఏమిటో మనం కలిసి తేల్చుదాం.

మొదటి ప్రశ్న: రేబిస్ కాదు కదా?

కుక్క నడవడి హఠాత్తుగా మారితే మన దేశంలో మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. రేబిస్ వైరస్ నాడుల వెంట మెదడుకు చేరుతుంది. అప్పుడు కుక్క చీకటి మూలల్లో దాక్కోవచ్చు. కారణం లేకుండా మీద పడవచ్చు. మొరిగే గొంతు మారుతుంది, నోటివెంట చొంగ కారుతుంది, దవడ వేలాడుతుంది, నడక తూలుతుంది. పిచ్చికుక్క నీళ్ళను చూసి పారిపోతుందని చాలామంది నమ్ముతారు. జలభీతి మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్క నీళ్ళు తాగవచ్చు కూడా. కనుక “నీళ్ళు తాగుతోంది, భయంలేదు” అనుకోకూడదు.

ఇలాంటి గుర్తులు ఏవి కనిపించినా, లేదా టీకా వేయించని కుక్కను ఈ మధ్య వేరే కుక్క కరిచి ఉన్నా, దాన్ని మీరు ముట్టుకోవద్దు. పెద్దవాళ్ళకు చెప్పండి. పశువైద్యుణ్ణి పిలిపించమనండి.

కుక్క కరిచినా, గోళ్ళతో రక్కినా, పుండుమీద నాకినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి. నిజామాబాదు జిల్లా పసుపు పంటకు పేరుపొందినదే. అయినా కుక్కకాటుకు పసుపు మందు కాదు. సున్నం, కారం కూడా కావు. 1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 9 ఏళ్ళ జోసెఫ్ మీస్టర్ అనే పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. అప్పటినుంచి ఈ జబ్బును టీకాతో ఆపగలుగుతున్నాం. కాని జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. అందుకే ఆలస్యం చేయకూడదు.

మన టామీకి ఏటేటా టీకా వేయిస్తున్నారు. కార్డు ఉంది. దాన్ని ఏ జంతువూ కరవలేదు. గొంతు మారలేదు, నడక బాగానే ఉంది, ఉదయంపూట బాగా తింటోంది. కనుక రెండో ప్రశ్నకు పోవచ్చు.

నోటుపుస్తకం తెరవండి

భయం ఎప్పుడు పడుతోంది? ఎక్కడ? దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది? ఎంతసేపటికి తగ్గింది? ఈ నాలుగు ప్రశ్నలకు రోజూ జవాబు రాయాలి. “టామీ ఎప్పుడూ భయపడుతోంది” అన్న మాట పరిశీలన కాదు. “మంగళవారం సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు నడి ఇంట్లోంచి పరుగెత్తింది” అన్నది పరిశీలన.

కుక్క భయం ఎలా కనిపిస్తుందో కూడా తెలిసి ఉండాలి. తోక కాళ్ళ మధ్య ముడుస్తుంది. చెవులు వెనక్కి వాలుతాయి. ఎండ లేకపోయినా వగరుస్తుంది. ఆకలి లేకుండానే మూతి నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. కంటి తెల్లగుడ్డు ఎక్కువగా కనబడుతుంది. వీటన్నిటికంటె సులువైన కొలమానం ఒకటి ఉంది. అది తిండి. భయం కలిగినప్పుడు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలవైపు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కుక్క తన కిష్టమైన ముక్కను కూడా ముట్టదు. కనుక తింటున్నదా లేదా అన్నది భయాన్ని కొలిచే త్రాసులాంటిది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో వారం రోజులకు రెండు విషయాలు తేలాయి. ఒకటి, భయం సాయంత్రం కరెంటు పోయినప్పుడే పడుతోంది. రెండు, టామీ మాటిమాటికీ తల ఒకవైపుకు వంచి చెవి గోక్కుంటోంది.

ఒంట్లో నొప్పి ఉందేమో

చాలామంది చెవి సంగతిని పట్టించుకోరు. భయానికీ చెవికీ సంబంధమేమిటి? ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. చప్పుళ్ళకు భయపడే కుక్కలను వారు రెండు జట్లుగా చూశారు. ఒక జట్టుకు ఒంట్లో నొప్పులు ఉన్నాయి, రెండో జట్టుకు లేవు. నొప్పి ఉన్న కుక్కల్లో ఈ భయం సుమారు 4 ఏళ్ళు ఆలస్యంగా, అంటే పెద్ద వయసులో మొదలైంది. కారణం ఇలా ఊహించవచ్చు. చప్పుడుకు ఉలిక్కిపడితే కండరాలు బిగుసుకుంటాయి. అప్పటికే నొప్పి ఉన్నచోట అది పొడిచినట్లవుతుంది. చప్పుడు, వెంటనే నొప్పి. కొన్నిసార్లు ఇలా జరిగితే చప్పుడే నొప్పికి గుర్తయిపోతుంది.

కనుక పెద్ద వయసు కుక్కకు కొత్తగా భయం పట్టుకుంటే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. కీళ్ళు, పళ్ళు, చెవులు, కళ్ళు చూపించాలి. చూపు మందగించిన కుక్క మనిషి దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేక ఉలిక్కిపడుతుంది. మనుషుల్లో లాగే ముసలి కుక్కల్లో మతిమరుపు జబ్బు వస్తుంది. అప్పుడు తెలిసిన ఇల్లే కొత్తగా తోస్తుంది. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు వేయకూడదు. ఐబూప్రొఫెన్ వంటివి దానికి విషంతో సమానం.

టామీ చెవి లోపల వాచి, చెడు వాసన వస్తోందని పశువైద్యుడు చెప్పాడనుకుందాం. మందు ఇచ్చాడు. చెవి నయమైంది. భయం కొంత తగ్గింది, కాని పూర్తిగా పోలేదు. ఇంకొక కారణం ఉండాలి.

ఇంట్లో ఏం మారింది?

కుక్కకు వినిపించే ప్రపంచం మనది కాదు. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా ధ్వనులు వినిపిస్తాయి. కుక్క సుమారు 45,000 హెర్ట్జ్‌ల దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న గదిలో దానికి ఏదో కీచుమంటూ ఉండవచ్చు. ఇళ్ళల్లో వచ్చే చప్పుళ్ళకు కుక్కలు ఎలా స్పందిస్తాయో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు పరిశీలించి 2021లో ప్రచురించారు. ఎడతెగకుండా వచ్చే రొద కంటె, బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు పరికరాలు ఆగి ఆగి చేసే సన్నని “కీచ్” చప్పుడు కుక్కలను ఎక్కువ కలవరపెట్టవచ్చని వారు గుర్తించారు.

చప్పుడు ఒక్కటే కాదు, ఇంకా కొన్ని చూడాలి. చెరకు ప్రాంతంలో ఇళ్ళల్లోకి పాములు వస్తుంటాయి. కుక్క ఒకే మూలకు పోవడానికి జంకుతుంటే అక్కడ చెయ్యి పెట్టకండి. పెద్దవాళ్ళు టార్చిలైటు వేసి దూరం నుంచి చూడాలి. కోతుల గుంపు దిగిన ఇంట్లోనూ కుక్క బెదురుతుంది. ఎండాకాలంలో కూలరు చుట్టూ తడిసిన నేల మీదికి కుక్క రాకపోతే కరెంటు లీకవుతోందేమోనని అనుమానించాలి. మనకు చెప్పులుంటాయి, దానికి వట్టి కాళ్ళు. పైగా ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య దూరం ఉంటుంది. నేలలో కరెంటు వ్యాపించినప్పుడు ఆ రెండు చోట్ల పొటెన్షియల్ వేరుగా ఉండి శరీరంలోంచి కరెంటు ప్రవహిస్తుంది. పిడుగు పడినప్పుడు చెట్టుకింది పశువులు చనిపోవడానికి ఇదీ ఒక కారణం. మెయిన్ స్విచ్చి ఆపించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మీరు పరీక్షించవద్దు.

టామీ విషయంలో కరెంటు పోయినప్పుడే భయం. అప్పుడు మారేవి రెండు. చీకటి పడుతుంది, ఇన్వర్టరు నడుస్తుంది. ఆ ఇన్వర్టరు బ్యాటరీ పాతబడి “కీక్, కీక్” మంటోంది. చీకటా, చప్పుడా? ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. ఇంటి పెద్దవాళ్ళు ఇన్వర్టరు ఆపేసి దీపాలు ఆర్పారు. టామీ కదలలేదు, తింటూనే ఉంది. కరెంటు పోయి ఇన్వర్టరు కీచుమన్న సాయంత్రం మాత్రం పరుగెత్తింది. కనుక కారణం చప్పుడు. ఈ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయకూడదు. భయపడిన ప్రతిసారీ భయం ఇంకా బలపడుతుంది.

అలవాటు పడదా?

“నాలుగు రోజులు వింటే అదే అలవాటు పడుతుంది” అంటారు పెద్దలు. అందులో కొంత నిజముంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930లలో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన కాలంలో ఆ చుట్టుపక్కల పుట్టిపెరిగిన పిల్లలు యంత్రాల రొదలోనే నిద్రపోయేవారు. ఎప్పుడూ ఒకేలా ఉండి, ఏ హానీ చేయని చప్పుడుకు మెదడు అలవాటు పడుతుంది. కాని పటాకుల వంటి చప్పుళ్ళు వేరు. అవి ఎప్పుడొస్తాయో తెలియదు, చాలా పెద్దవి. నొప్పితో జతపడిన చప్పుడు కూడా అంతే. వీటికి అలవాటు పడకపోగా నాడీవ్యవస్థ మరింత సున్నితమవుతుంది. ఈ రాత్రి ఇన్వర్టరుకు భయపడింది రేపు గదికి, ఎల్లుండి సాయంత్రానికే భయపడుతుంది. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే కదా!

ఈ సంగతిని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కళ్ళారా చూశాడు. కుక్కలకు ఒక సంకేతం వినిపించి వెంటనే తిండి పెడుతూ పోతే, కొన్నాళ్ళకు ఆ సంకేతానికే లాలాజలం ఊరుతుందని మీరు చదివారు. దీన్నే నిబంధన అంటాం. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ నగరాన్ని నేవా నది వరద ముంచెత్తింది. పావ్లోవ్ ప్రయోగశాల కుక్కలు బోనుల్లో ఇంచుమించు మునిగిపోయి, చివరి నిమిషంలో బయటపడ్డాయి. ఆ తరువాత వాటిలో కొన్ని నేర్చుకున్నదంతా మరిచిపోయాయి. ఒక కుక్క నెమ్మదిగా కోలుకున్నాక తలుపు కిందనుంచి గదిలోకి కొద్దిగా నీళ్ళు పారించారు. అంతే, అది మళ్ళీ మొదటికి వచ్చింది. ఒక్క రాత్రి భయం ఎంత లోతుగా నాటుకుంటుందో చూశారా!

భయాన్ని విప్పే మార్గం

అదే 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఈ ముడిని విప్పే మార్గాన్ని ప్రచురించింది. పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడికి కుందేలంటే భయం. అతను ఇష్టమైనది తింటూ ఉండగా, గదికి ఆ చివర బోనులో కుందేలును ఉంచారు. భయపడనంత దూరంలోనే ఉంచారు. రోజురోజుకీ కొంచెం కొంచెంగా దగ్గరకు జరిపారు. చివరికి పీటర్ ఆ కుందేలును చేతితో తాకి ఆడుకున్నాడు. ఇందులో రహస్యమేమిటి? భయమూ, హాయిగా తినడమూ ఒకే సమయంలో ఒకే శరీరంలో ఇమడవు. భయాన్ని చాలా చిన్నదిగా ఉంచి తిండిని పెద్దదిగా చేస్తే తిండే గెలుస్తుంది. టామీకి చేయవలసింది కూడా ఇదే.

మొదట అసలు చప్పుడును ఆపాలి. బ్యాటరీ మార్పించాలి, లేదా మెకానిక్‌తో ఆ కీచుమనే భాగాన్ని తీయించాలి. ఒకవైపు వైద్యం జరుగుతూ ఇంకొకవైపు భయం తగులుతూ ఉంటే పని ముందుకు సాగదు. టామీ తానే ఎంచుకున్న చోట ఒక గోనెసంచి పరిచి, అక్కడ ఎవరూ కదిలించకుండా చూడాలి.

తరువాత ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేయండి. వాకిట్లో దూరంగా ఉంచి, వినీ వినపడనట్లు ఒక్కసారి వినిపించండి. వెంటనే టామీకి ఉడికించిన గుడ్డు ముక్కో, ఎముకలేని కోడిమాంసం ముక్కో పెట్టండి. కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. చాక్లెట్, ద్రాక్ష కుక్కకు హానికరం. చెరకు సీమలో బెల్లం ఇంటింటా దొరుకుతుంది గాని అది కుక్కకు అలవాటు చేయకండి.

ముందు చప్పుడు, తరువాత తిండి. ఈ వరస తప్పకూడదు. తిండి ముందు పెట్టి తరువాత చప్పుడు చేస్తే, తిండే రాబోయే భయానికి గుర్తయిపోతుంది. పూటకు 5 నుంచి 10 సార్లు చాలు. మూడు పూటలు ఏ జంకూ లేకుండా తింటే చప్పుడును ఒక్క మెట్టు పెంచండి. ముక్కను ముట్టకపోతే మీరు తొందరపడ్డారన్నమాట. రెండు మెట్లు దిగండి. కొన్ని వారాలు పట్టవచ్చు. ఫోను స్పీకరు అతి సన్నని ధ్వనులను సరిగా పలికించలేదు కనుక, చివరి మెట్టుగా అసలు పరికరాన్నే దూరాన ఉంచి ఇదే పద్ధతిలో అభ్యాసం చేయించాలి. భయం మరీ ఎక్కువగా ఉంటే పశువైద్యుడు కొంతకాలం మందులు కూడా ఇస్తాడు.

చేయకూడనివి మూడు ఉన్నాయి. ఒకటి, కొట్టకూడదు, అరవకూడదు. భయానికి నొప్పిని కూడా జోడించినట్లవుతుంది. రెండు, “భయం పోవాలి” అని గొలుసుతో కట్టి చప్పుడు దగ్గర ఉంచకూడదు. మూడు, మంచం కింది నుంచి చేతులతో లాగకూడదు. పారిపోయే దారిలేని కుక్కే కరుస్తుంది. అది దగ్గరికి వచ్చి ఆనుకుంటే మెల్లగా నిమరవచ్చు. “ముద్దుచేస్తే భయం ఎక్కువవుతుంది” అన్నది సరికాదు. భయం ఒక ఉద్వేగం. లాభం కోసం వేసే వేషం కాదు.

దీపావళి రాత్రి

ఇక అందరి ఇళ్ళకూ వచ్చే పరీక్ష దీపావళి. చెరకు, మొక్కజొన్న చేల దగ్గర అడవిపందులను బెదరగొట్టడానికి పేల్చే పటాకులు కూడా ఉన్నాయి. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్‌లు మించే పటాకులను 1999లోనే నిషేధించారు. దీపావళి రోజున రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యనే కాల్చాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఆదేశించింది. ఆ రాత్రి బెదిరి పరుగెత్తిన కుక్కలు దారి తప్పుతాయి, రోడ్ల మీద లారీల కింద పడతాయి. కనుక చీకటి పడకముందే కుక్కను తిప్పి తెచ్చి, లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, ఫ్యాను తిప్పండి. మెడపట్టీ మీద ఇంటి ఫోను నంబరు రాయించండి. నెల ముందునుంచే పైన చెప్పిన మెట్ల పద్ధతిలో సాధన మొదలుపెట్టండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఉన్న కుక్క నిద్రపోతున్నప్పుడు దూరంగా కూర్చుని దాని శ్వాసను నిమిషంపాటు లెక్కించండి. ఐదు రోజులు రాసి సగటు కట్టండి. సాధారణంగా అది 30కి మించదు. రోజూ మించుతుంటే పశువైద్యుడికి చూపించమని చెప్పండి.

2. ఒక సాయంత్రం గంటసేపు మీ ఇంట్లో వినిపించే చప్పుళ్ళన్నీ రాయండి. వాటిలో ఎడతెగకుండా వచ్చేవి ఏవి, ఆగి ఆగి వచ్చేవి ఏవి? కుక్కను ఏవి ఎక్కువ బెదరగొడతాయో కారణంతో చెప్పండి.

3. టామీ చెవి నయమైనా భయం పూర్తిగా పోలేదు. ఎందుకని? పావ్లోవ్ కుక్క కథను ఆధారం చేసుకుని జవాబు రాయండి.

4. మీ వీధిలో టీకా వేయించని పెంపుడు కుక్కలు ఎన్ని ఉన్నాయో ఆ ఇళ్ళవాళ్ళను అడిగి లెక్కించండి. ఆ జాబితాను మీ సైన్సు మాస్టారుకు ఇవ్వండి.